అల్లుడి బండిలో ఫాల్టు

ఆ వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. చిన్నా పెద్దా అందరికీ ఆయన వైరింగాయనే. బండికి హారన్ మోగకపోయినా, ఇండికేటర్ ఒకవైపే వెలిగినా, సెల్ఫ్ నొక్కితే టిక్కుమని ఊరుకున్నా, "వైరింగాయన దగ్గరికి తోసుకుపో" అనేవారు. ఇంటికి ముందు రేకుల షెడ్డు, షెడ్డులోంచి ఒక తలుపు తీస్తే వంటగది. అందువల్ల ఆయన భార్యకి కాపురానికి వచ్చిన నాటినుంచీ హారన్ల మధ్యనే వంట. కొత్తలో మోత వినగానే ఉలిక్కిపడి గరిటె జారవిడిచేది. తర్వాత్తర్వాత మోగకపోతేనే ఏదో తక్కువైనట్టుండేది. పొయ్యి దగ్గర నిలబడే, ఇది బ్యాటరీ నీరసమనీ, ఇది హారన్ లోపల తుప్పనీ చెప్పేసేది.

"నీకూ ఓ స్టూలు వేస్తా, వచ్చి కూర్చో" అని ఆయన ఎగతాళి చేసేవాడు.

"నేనొచ్చి కూర్చుంటే వంటెవరు చేస్తారు, మీ పంక్చరాయనా?" అనేది ఆమె.

పంక్చరాయన అంటే పక్క కొట్టువాడు. నోట్లో నువ్వుగింజ నానదు. టైరు ఆయన చేతిలో ఉన్నా చెవి మాత్రం ఎప్పుడూ వైరింగాయన షెడ్డులోనే ఉండేది.

వైరింగాయనకి ఒక పని తీరు ఉండేది. బండి రాగానే పానా పట్టడు. ముందు దాని చుట్టూ ఒకసారి తిరుగుతాడు. తర్వాత మనిషిని అడుగుతాడు. ఎప్పుడు చెడింది? వాన పడ్డాకనా, కడిగించాకనా, గుంతలో పడ్డాకనా? ఇంకెవరైనా చెయ్యి పెట్టారా? సగం ఫాల్టు బండివాడి నోట్లోనే ఉంటుందనేవాడు. అంతా విన్నాక తాళం తిప్పి, టెస్ట్ బల్బు ఒకచోట తగిలించి, వైర్ల కట్టని కొంచెం కొంచెంగా ఊపుకుంటూ పోయేవాడు, నిద్రపోయే బిడ్డని లేపుతున్నట్టు. బల్బు ఎక్కడ రెప్ప కొడితే అక్కడ ఆగేవాడు.

"తిష్ఠ వేసుక్కూర్చున్న ఫాల్టుని ఎవడైనా పడతాడు" అనేవాడు. "వచ్చిపోయేదుందే, అదీ గడుసుది. మనం చూసేటప్పుడు బుద్ధిగా చేతులు కట్టుకుని నిలబడుతుంది. మనం అటు తిరగ్గానే వెక్కిరిస్తుంది."

బండ్లకి అలారాలు పెట్టించుకునే పిచ్చి మొదలయ్యాక ఆయనకి పని రెట్టింపైంది. పెట్టించుకునేవాళ్ళు కొందరైతే, పెట్టించుకుని వేగలేక వచ్చేవాళ్ళు ఇంకొందరు. ఒకాయన ఉదయాన్నే బండి తోసుకుంటూ వచ్చాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"వైరింగాయనా, దీన్ని నువ్వన్నా నోరు మూయించు, నన్నన్నా ఎక్కడికైనా పంపించెయ్. పిల్లి దూకితే అరుస్తుంది. ఎదురింటివాడు షట్టర్ దించితే అరుస్తుంది. నిన్న మా అత్తగారు పక్కనుంచి నడిచి వెళ్ళినా అరిచింది."

"అయితే బండి బ్రహ్మాండంగా పనిచేస్తోంది, దాని జోలికి పోకు" అన్నాడు పంక్చరాయన పక్కనుంచి.

వైరింగాయన నవ్వుకుంటూ సీటెత్తాడు. అలారం డబ్బాకి పక్కన చిన్న మర ఉంటుంది, ఎంత కదిలితే అరవాలో అది చెబుతుంది. "దీనికి భయం ఎక్కువ పెట్టారు" అని దాన్ని కాస్త వెనక్కి తిప్పాడు. ఆ తర్వాత బ్యాటరీ చూశాడు. "ఇది చంటిపిల్ల లాంటిదండీ. భయమేసినా ఏడుస్తుంది, ఆకలేసినా ఏడుస్తుంది. బ్యాటరీలో పస లేకపోయినా దొంగొచ్చాడనుకుంటుంది. రెండూ చూడాలి."

జాయింట్ల విషయంలో ఆయనకో పట్టింపు ఉండేది. రెండు వైర్లు కలిపితే మెలిపెట్టి వదిలెయ్యడు. టంకం కరిగించి పోస్తాడు, దానిమీద తొడుగు ఎక్కిస్తాడు, ఆ పైన టేపు చుడతాడు. "పరాయి బండి మీద నా జాయింటు ఊడితే నా మొహం ఊడినట్టే" అనేవాడు.

ఇక ఇంటి సంగతి చెప్పాలంటే, ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. వంటగది స్విచ్చు గోడమీద టేపుతో వేలాడుతుండేది. వీధి తలుపు గంట పక్కకి వంచి నొక్కితేగాని మోగదు. ఆమె పోరుపెట్టినప్పుడల్లా "మన ఇల్లేగా, ఎక్కడికి పోతుంది, తీరిగ్గా చేద్దాం" అనేవాడు. బద్ధకం కాదు అది. వీధిలో నిలబడ్డ మనిషి వెళ్ళిపోతాడు, ఇంట్లోవాళ్ళు ఎక్కడికీ పోరు. కాబట్టి వరసలో ఇంటివాళ్ళు ఎప్పుడూ ఆఖరు. ఆ పనివాళ్ళందరి ఇళ్ళల్లోనూ అదే తంతు. ఆమెకీ అలవాటైపోయింది.

వాళ్ళకి ఒక్కతే కూతురు. అల్లుడిది పార్సిళ్ళు చేరవేసే ఆఫీసులో పని. పొద్దున ఎక్కిన బండి సాయంత్రం దాకా దిగడు. వాళ్ళ వీధిలో ఎవరిదో బండి పోయిందని తెలిసిన రోజు కూతురు ఫోన్ చేసింది.

"నాన్నా, ఊళ్ళోవాళ్ళ బండ్లన్నిటికీ కాపలా పెడతావు. సొంత అల్లుడి బండి దొంగలెత్తుకుపోతే అప్పుడొచ్చి మొరుగుతావా?"

"పంపించవే తల్లీ, రేపే పంపించు" అన్నాడాయన.

అల్లుడు వచ్చిన రోజు షెడ్డు ముందు బండ్లు బారులు తీరి ఉన్నాయి. ఒక్కొక్కరూ "నాది ముందు" అంటే "నాది ముందు" అంటున్నారు. వాళ్ళ మధ్యలోనే, వాళ్ళ బండ్ల మీద నుంచి చేతులు తీసీ తియ్యకుండానే, ఆయన అల్లుడి బండికి అలారం బిగించాడు. బిగించడమంటే, ఇంజన్‌కి నిప్పు అందించే వైరుని మధ్యకి కోసి, రెండు కొసలూ డబ్బాలోకి తెస్తారు. డబ్బా ఒప్పుకుంటేనే ఇంజన్ పలుకుతుంది, లేకపోతే దొంగ దొంగతాళంతో తిప్పినా రాదు. అందరి బండ్లకీ ఆ కొసల దగ్గర టంకం పోసే ఆయన, ఆ రోజు మెలిపెట్టి టేపు చుట్టాడు.

"ఆదివారం రా బాబూ, అప్పుడు టంకం పోస్తా. ఇప్పుడు వీళ్ళు నన్ను పీక్కుతింటున్నారు."

"మీరు మెలిపెట్టింది ఊడాలంటే భూకంపం రావాలి మావయ్యా" అన్నాడు అల్లుడు నవ్వుతూ. రిమోట్ నొక్కి చూసుకున్నాడు. బండి కుయ్ కుయ్ మంది. చిన్నపిల్లాడిలా మళ్ళీ నొక్కాడు. లోపల్నుంచి అత్తగారు, "చాల్లే బాబూ, వీధి వీధంతా మన బండికి తాళం పడిందని తెలిసిపోయింది" అంది.

ఆదివారం వచ్చారు. తిన్నారు, మాట్లాడుకున్నారు, మధ్యాహ్నం అందరూ కునుకు తీశారు. వెళ్ళేటప్పుడు బండి స్టార్టయ్యాక ఆయనకి గుర్తొచ్చింది. "అరే, ఆ వైరు..." అన్నాడు. "వచ్చేవారం మావయ్యా" అన్నాడు అల్లుడు. మన బండేగా, ఎక్కడికి పోతుంది.

కొన్నాళ్ళకి అల్లుడు ఫోన్ చేస్తే ఆమె ఎత్తింది. ఆయన చేతులకి గ్రీజు.

"అత్తయ్యా, మావయ్యని అడగండి. నిన్న సిగ్నల్ దగ్గర బండి ఉన్నట్టుండి ఆగిపోయింది. తాళం తీసి వేస్తే మళ్ళీ వచ్చింది. అలారం కూడా దానంతటదే కూస్తోంది."

ఆమె తలుపులోంచి తల పెట్టి చెప్పింది. ఎవరి బండి కిందో పడుకుని ఉన్న ఆయన తల కూడా తిప్పలేదు. "రిమోట్‌లో సెల్లు అయిపోయుంటుంది. కొత్తది వేయించుకోమను. వచ్చినప్పుడు చూస్తాలే."

పరాయివాడు అదే మాట చెబితే, వానలో తడిసిందా అనీ, గుంతలో పడిందా అనీ నాలుగు ప్రశ్నలు వేసి, బండి తెచ్చి నిలబెట్టేదాకా ఊరుకునేవాడు కాదు. ఇంటి బండికి ఇంట్లో కూర్చునే వైద్యం చేశాడు. ఆమె ఆ మాటే అల్లుడికి చేరవేసింది. అల్లుడు సెల్లు మార్చుకున్నాడు.

ఆ తర్వాత వంతెన ఎక్కుతుండగా బండి మధ్యలో ఆగిపోయింది. వెనక బస్సు.

ఆసుపత్రి వరండాలో, వంతెన కింద టీ కొట్టు పెట్టుకున్నతను చేతులు ఊపుతూ పదిమందికీ చెబుతున్నాడు. "పాపం, ఆ పిల్లాడి తప్పేం లేదండీ. బండి నడుస్తూ నడుస్తూ టక్కున చచ్చిపోయింది. కాలు కింద పెట్టేలోపే..." అందరూ బస్సువాణ్ణి తిట్టారు, శాపనార్థాలు పెట్టారు. తిట్టనిది ఒక్క వైరింగాయనే. ఆమె ఆయన మొహం చూసింది. ఆయన ఆ టీ కొట్టతని నోటినే చూస్తున్నాడు, ఇంకా ఏదో చెబుతాడేమోనన్నట్టు.

దినాలు అయి చుట్టాలు ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయాక, పెరట్లో బట్టలు ఆరేస్తున్న ఆమె పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"ఆ వైరు" అన్నాడు.

"ఏ వైరు?"

"టంకం పోయని వైరు."

ఆమె చేతిలోని తడిబట్టని మళ్ళీ పిండింది. ఇంక వాళ్ళు ఆ మాట మాట్లాడుకోలేదు. కూతురికి చెప్పలేదు. కూతురు పుట్టింటికి వచ్చేసింది. మందుల దుకాణంలో పనికి కుదిరింది. పొద్దున పోయి సాయంత్రం వచ్చేది, పెట్టింది తినేది, అడిగినదానికి జవాబు చెప్పేది.

వైరింగాయన షెడ్డు తెరిచాడుగాని పని సాగలేదు. గంట పని పూట పట్టింది. పోసిన టంకం మళ్ళీ కరిగించి మళ్ళీ పోసేవాడు. బండివాడు తాళం తిప్పి బయల్దేరబోతే వెనక పరిగెత్తి, "ఒక్కసారి ఆగండి, ఆ జాయింటు చూడాలి" అనేవాడు. నిన్న వెళ్ళిన వాళ్ళకి ఇవాళ ఫోన్ చేసి రమ్మనేవాడు. మొదట్లో జాలిపడి వచ్చారు. తర్వాత విసుక్కున్నారు. తర్వాత ఇంకో వీధిలో ఇంకొకణ్ణి చూసుకున్నారు.

"అన్నా, ఒక్కో బండికి పెళ్ళి చేసి సాగనంపుతున్నావు. ఇలాగైతే ఎలాగ?" అన్నాడు పంక్చరాయన ఒకరోజు. అని, ఆయన నవ్వకపోవడం చూసి, తన టైరు తను చూసుకున్నాడు. ఆ రోజు నుంచి ఆ కొట్టులోంచి మాటలు తగ్గిపోయాయి.

అల్లుడి బండి వానాకాలమంతా పోలీస్ స్టేషన్ ఆవరణలో, విరిగిన బండ్ల గుట్టలో పడి ఉంది. వానలు వెనకబట్టాక, వచ్చి తీసుకెళ్ళమని కబురు వచ్చింది.

"ఇంటికి తేవద్దు నాన్నా" అంది కూతురు. "అక్కణ్ణుంచే ఇనప సామానువాడికి ఇచ్చెయ్. నేను చూడలేను."

"కొన్నాళ్ళు ఉండనీ తల్లీ."

"ఎందుకు?"

"ఉండనీ" అన్నాడు. ప్రేమకొద్దీ అనుకుంది కూతురు. ఎదురు చెప్పలేదు.

బండి ట్రాలీ ఆటోలో వచ్చింది. ముందు చక్రం లోపలికి మడుచుకుపోయి, హ్యాండిల్ ఒకవైపు తిరిగి, తిట్లు తిన్న పిల్లాడిలా తల వంచుకుని ఉంది. షెడ్డు మూలన నిలబెట్టి టార్పాలిన్ కప్పాడు. కూతురు రోజూ ఆ మూల వైపు చూడకుండా దాటిపోయేది.

మధ్యాహ్నం కూతురు ఇంట్లో ఉండని వేళ ఆయన టార్పాలిన్ తీసేవాడు. చూపు అంతగా ఆనక, ఆమెని లైటు పట్టుకోమన్నాడు. ఆమె పట్టుకుంది.

"ఏం చూస్తారు ఇంక?" అందామె.

"తెలియాలి. నాదే అయితే షెడ్డు మూసేస్తా. దానికి చెప్పేస్తా, ఇలా జరిగిందమ్మా, నా చేత్తోనే అని. అది తిట్టనీ, కొట్టనీ. నాది కాకపోతే..." అక్కడ ఆగాడు.

"కాకపోతే?"

"కాకపోతే కళ్ళు మూసుకుని పడుకుంటా."

నాది కాకపోతే అనే మాట దగ్గరే ఆమె మనసు ఆగిపోయింది. పోయినవాడు ఎలాగూ తిరిగిరాడు. ఉన్న తండ్రీ కూతురూ ఒకరి మొహం ఒకరు చూసుకునేలా అయినా మిగిలితే చాలనుకుంది. ఆ వైరు గట్టిగా ఉండాలి, ఆ మెలిక అలాగే ఉండాలి అని లైటు పట్టుకున్నంతసేపూ లోలోపల అనుకుంటూనే ఉండేది.

ఆయన మొదట బ్యాటరీ చూశాడు. తర్వాత ఫ్యూజు. తర్వాత ఎర్త్ వైరు బోల్టు విప్పి, తుప్పు గీకి, మళ్ళీ బిగించాడు. తాళం చెవి పెట్టే స్విచ్చు విప్పాడు. సైరన్ విప్పి, తుడిచి, మళ్ళీ తగిలించాడు. రోజులు గడుస్తున్నాయి. ఆమెకి వైరింగ్ తెలియదుగాని మొగుడు తెలుసు. ఎక్కడికి పోవాలో తెలిసిన మనిషి ఊరంతా చుట్టి వస్తున్నాడని ఆమెకి అర్థమైంది. అందరి బండ్లలో ముందు చూసే చోటుని ఈ బండిలో ఆఖరికి నెట్టాడు. ట్యాంకు కింద, ఆ టేపు చుట్టిన చోటికి చెయ్యి పోయేది, వెనక్కి వచ్చేది.

ఒకరోజు మంచి బ్యాటరీ తెచ్చి తగిలించాడు. అలారం డబ్బాలో ప్రాణం ఉందో లేదో చూడాలన్నాడు. అల్లుడి వాచీతో పాటు ఆసుపత్రివాళ్ళు కవర్లో పెట్టి ఇచ్చిన రిమోట్ తీశాడు. ఆ పనిలో పడి ఇద్దరూ వేళ చూసుకోలేదు. ఆయన నొక్కాడు. బండి కుయ్ కుయ్ మంది.

వీధిలో చెప్పుల చప్పుడు పరుగందుకుంది.

కూతురు షెడ్డు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. సంచీ భుజం మీంచి జారిపోతోంది. ఆ ఒక్క క్షణం ఆ పిల్ల మొహంలో కనిపించినదాన్ని తల్లి చూసింది, చూడకుండా ఉంటే బాగుండుననుకుంది. అద్దెకున్న ఇంట్లో మేడ మీద ఆ కూత వినగానే టీ పెట్టేది కూతురు, అల్లుడు మెట్లెక్కి వచ్చేసరికి మరగాలని. ఇప్పుడు కాళ్ళు వాటంతటవే పరిగెత్తుకొచ్చాయి. వచ్చి చూస్తే లైటు పట్టుకున్న అమ్మ, రిమోట్ పట్టుకున్న నాన్న.

సంచీ భుజం మీదికి లాక్కుంది. "బాగు చేస్తున్నావా?"

ఆయన రిమోట్ సీటు మీద పెట్టాడు.

"ఎవరికి నాన్నా బాగు చేస్తున్నావు?"

"ఊరుకో అమ్మా, లోపలికి పద" అని తల్లి చెయ్యి పట్టుకోబోయింది. కూతురు విదిలించుకుంది.

"బాగు చెయ్యట్లేదు తల్లీ" అన్నాడాయన. "వెతుకుతున్నా."

"ఏం వెతుకుతున్నావు?"

చెప్పాడు. బండ్లవాళ్ళు బారులు తీరిన రోజు చెప్పాడు, మెలిపెట్టిన వైరు చెప్పాడు, టంకం పోయకుండానే గడిచిపోయిన ఆదివారం చెప్పాడు, ఫోన్లో చెప్పిన రిమోట్ సెల్లు చెప్పాడు. తన దగ్గరికొచ్చిన బండివాడు ఎలా చెప్పాలనుకునేవాడో అలా, ఏదీ దాచకుండా వరసగా చెప్పాడు. కూతురు బండివాళ్ళు కూర్చునే స్టూలు మీద కూర్చుని విన్నది.

"ఆ ఫోన్ చెయ్యమన్నది నేనే" అంది చివరికి. "పక్క వీధిలో ఎవరికైనా చూపిస్తానన్నారు. వద్దు, నాన్నకి చెప్పండి, నాన్న ఉండగా పరాయివాళ్ళెందుకన్నాను."

పక్క కొట్టులో గాలి కొట్టే మిషను ఆగి, మళ్ళీ మొదలైంది.

"అయితే చూడు" అంది కూతురు లేస్తూ. "పూర్తిగా చూడు. చూసి నాకు చెప్పు. అవునో కాదో."

మర్నాడు కూతురు పనికి వెళ్ళగానే ఆయన షెడ్డు తలుపు దగ్గరికి వేసి, ట్యాంకు విప్పేశాడు. ఇంక చుట్టు తిరగడానికి ఏమీ మిగల్లేదు. ఆమె లైటు దగ్గరగా పట్టింది. టేపు ఎండకీ వానకీ జిగురు కక్కి, బంకబంకగా వేళ్ళకి అంటుకుంది. ఒక్కో చుట్టూ విప్పుతున్నాడు. ఆయన ఊపిరి ఆమెకి వినిపిస్తోంది. ఆఖరి చుట్టు విప్పేసరికి వైరు రెండు ముక్కలుగా ఆయన చేతిలోకి వచ్చింది. మెలిక లేదు. రెండు కొసలూ విడిపోయి, పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి.

ఆమె లైటు ఇంకా దగ్గరికి జరిపింది. "అయితే... ఇదేనా?"

ఆయన ఆ కొసల్ని వెలుతురులోకి తెచ్చి తిప్పి తిప్పి చూశాడు. గోటితో గీకాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. చాలాసేపటికి నేల మీద కూలబడ్డాడు.

"ఊడింది నిజమే" అన్నాడు. "ఎప్పుడు ఊడిందో ఎవరు చెబుతారు? వంతెన మీదే ఊడిందో, బస్సు గుద్దినప్పుడు ఊడిందో. స్టేషన్లో గొలుసేసి ఎత్తి గుట్టలో పడేశారు, అప్పుడు ఊడిందో. ఆ రోజే నా చేతికొస్తే రాగి మెరుపు చూసి చెప్పేవాణ్ణి. కొత్తగా తెగింది వేరు, కదిలి కదిలి నలుపెక్కి ఊడింది వేరు. ఇప్పుడు అంతా చిలుమే. ఒకటే రంగు."

"మరి ఇంకేదన్నా..."

"డబ్బాలో నీళ్ళు దూరాయి. అవి ముందే దూరాయో, ఈ వానలకి దూరాయో. తాళం స్విచ్చు లోపల కాలి ఉంది. అదీ ఇంజన్ని ఆపగలదు. ఏదైనా అయ్యుండొచ్చు. నాదే అయ్యుండొచ్చు."

"కాకపోయీ ఉండొచ్చు" అందామె.

ఆయన తల ఊపలేదు, అడ్డంగానూ తిప్పలేదు.

సాయంత్రం కూతురు వచ్చింది. చెప్పులు విడవలేదు. షెడ్డులోనే నిలబడి అడిగింది.

"చూశావా?"

ఆయన నోరు తెరిచేలోపే తల్లి ముందుకొచ్చింది. జన్మలో మొగుడి పనిలో అబద్ధం ఆడి ఎరగదు. ఆ రోజు ఆడింది.

"కాదటమ్మా. జాయింటు చెక్కుచెదరలేదు. స్విచ్చు కాలిపోయిందట లోపల, కంపెనీదే తప్పట. నీ కళ్ళ ముందే ఉంది చూడు, ఆ నల్లటిది."

కూతురు ఆ స్విచ్చు వైపు చూడలేదు, తండ్రి వైపు చూసింది. "నిజమేనా నాన్నా?"

ఒక్కమాట చాలు. అవునంటే ఇంట్లో ఇంత వెలుతురు మిగిలేది. ఆమె కళ్ళతో బతిమాలింది. ఆయన ఆమె వైపు చూశాడు కూడా, ఆ బతిమాలడం ఆయనకి అందింది కూడా. కాని బండ్ల దగ్గర జీవితమంతా లేని ఫాల్టు ఉందని చెప్పనివాడు, ఉన్న ఫాల్టు లేదని చెప్పనివాడు.

"తెలీదు తల్లీ" అన్నాడు. "వైరు ఊడే ఉంది. ఎప్పుడు ఊడిందో తెలీదు. ఇంక తెలియదు కూడా."

"తెలీదు అనకు నాన్నా. నీకు దండం పెడతా. నీదే అను, తిట్టుకుంటాను. నీది కాదు అను, మర్చిపోతాను. తెలీదంటే నేనేం చెయ్యను?"

తల్లి దగ్గర ఇంకో అబద్ధం లేదు. కూతురు చెప్పులు విడిచి లోపలికి వెళ్ళిపోయింది. ఏడుపు వినిపిస్తుందేమోనని తల్లి తలుపు దగ్గరే నిలబడింది. వినిపించలేదు. మంచినీళ్ళ బిందె మూత చప్పుడు, గ్లాసు పెట్టిన చప్పుడు, అంతే.

ఆ తర్వాత ఇనప సామానువాడు రెండుమూడుసార్లు వచ్చాడు. వైరింగాయన బండి ఇవ్వలేదు. "ఇంకా చూడాల్సింది ఉంది" అన్నాడు. షెడ్డు ముందు ఇప్పుడు బండ్లు ఆగవు. సంగతి తెలియక ఎవరైనా అలారం పెట్టమని వస్తే, "నేను పెట్టడం మానేశానండీ" అని ఇంకో వీధిలో ఎవరి దగ్గరికో పంపేస్తాడు. అల్లుడి బండి అలారం డబ్బా ఆరబెట్టి మళ్ళీ తగిలిస్తాడు. స్విచ్చు మారుస్తాడు. విడిపోయిన కొసల్ని భూతద్దం పెట్టి చూస్తాడు. వైర్ల కట్ట ఊపుతాడు, బల్బు వైపు చూస్తాడు, మళ్ళీ ఊపుతాడు.

కూతురు కోప్పడలేదు, వేరే ఉంటాననలేదు. రోజూ పనికి పోయి వస్తోంది. ఒక సెలవు రోజు మధ్యాహ్నం తనే పళ్ళేలు పెట్టి, తల్లితో అంది.

"ఆయన్ని భోజనానికి రమ్మను."

తల్లి చేతిలోని గిన్నె కింద పెట్టేసింది. పుట్టి మాటలొచ్చినప్పటినుంచీ ఆ పిల్ల నోట నాన్న తప్ప ఇంకో మాట లేదు. వెతికి చూసింది, ఆ గొంతులో కోపం ఉందేమోనని. కోపం ఉంటే ఎన్నడో ఒకప్పుడు చల్లారుతుంది. కోపం లేదు. ఎదురింటాయన్ని గురించి అన్నట్టు అంది, అంతే.

ఆమె వంటగది తలుపు తీసి షెడ్డులోకి చూసింది. ఆయన బండి పక్కన కూర్చుని ఉన్నాడు, వీపు ఇటువైపు.

"భోజనానికి రండి."

"వస్తున్నా. ఈ ఒక్క వైరు చూసి వస్తా."

ఆమె అక్కడే గుమ్మంలో నిలబడింది. లోపల కూతురు వడ్డించడం మొదలుపెట్టింది, ముందు తల్లికి, తర్వాత తనకి. మూడో పళ్ళెం అలాగే బోర్లించి ఉంది.